ఏసీ నీళ్ళూ, వట్టివేళ్ళ తడికా

నాకు యాభై ఒకటో ఏడు నడుస్తుండగా ఒంట్లో ఎవరో పొయ్యి ముట్టించారు. చెప్పాపెట్టకుండా గుండెల్లోంచి ఒక సెగ లేచి, మెడమీదుగా చెవులదాకా పాకి, నన్ను తడిపి ముద్ద చేసి వెళ్ళిపోయేది. మెనోపాజ్ అంది డాక్టరమ్మ, చాలా ప్రశాంతంగా. ఆవిడ గది చల్లగా ఉంది కాబట్టి ఆవిడకు ప్రశాంతంగానే ఉంటుంది. మా ఇల్లు మ్యూనిక్ పక్కన, ఉంటర్‌ఫ్యోరింగ్‌లో మా ఆఫీసుకు కాస్త అవతల, ఒక పాత మేడలో ఆఖరి అంతస్తు. నెత్తిమీద ఏటవాలు పెంకుల కప్పు. జులైలో ఆ కప్పు పగలంతా ఎండ తాగి, రాత్రంతా మా మీద కక్కేది.

బెజవాడలో పుట్టినదానివి, నీకు జర్మనీలో ఉక్కపోయడమేమిటని ఫోనులో చుట్టాలు నవ్వేవాళ్ళు. బెజవాడలో ఎండ బయట ఉండేది, ఇప్పుడు నా లోపలుంది అని చెప్పేదాన్ని. పగలు కిటికీల షట్టర్లు దించుకోండి, రాత్రి తలుపులన్నీ బార్లా తీసుకోండి అని ఇక్కడివాళ్ళు చెప్పే శాస్త్రం ఇరవై ఏళ్ళుగా నేనూ పాటించాను. ఆ ఏడు ఏ శాస్త్రమూ పనిచెయ్యలేదు. వారాల తరబడి నిద్ర లేక, ఒకరోజు ఆఫీసు మీటింగులో జర్మన్‌లో మొదలుపెట్టిన వాక్యాన్ని తెలుగులో ముగించాను. వాళ్ళు మర్యాదస్తులు, తలలూపారు.

ఇక లాభం లేదని ఏసీ కొనుక్కుందామనుకున్నాం. అద్దె ఇల్లు కాబట్టి ఇంటాయన్ని అడగాలి. నా ఒంటి సంగతి ఆయనకు రాయడానికి నాకు సిగ్గేసింది. "హోమ్ ఆఫీసు కోసం" అని రాశాను. ఆయన ఒప్పుకున్నాడు కానీ షరతులు పెట్టాడు. గోడకు చిల్లు పడకూడదు, చప్పుడు రాకూడదు, మొదటి ఫిర్యాదు వచ్చిన రోజే మిషను ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. ఆ మూడోది చదివినప్పుడు నాకు గుబులు పుట్టింది. ఆ మేడలో ఒకరిమీద ఒకరు ఫిర్యాదు చేసుకోవడం రోజూ కాఫీ తాగినంత మామూలు.

ఏసీ వచ్చింది. చల్లగాలి కొట్టే భాగం హాల్లో, వేడి కక్కే భాగం బాల్కనీలో, రెంటినీ కలిపే గొట్టం తలుపు సందులోంచి. పరుపు హాల్లోకి లాక్కొచ్చి కింద పరుచుకున్నాం. మొదటి రాత్రి నేనెంత ఒళ్ళెరగకుండా పడుకున్నానంటే, ఊపిరి ఆడుతోందో లేదోనని మా ఆయన నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడట.

అయితే గదిలో గాలి చల్లబడేకొద్దీ దాంట్లోని తేమ నీళ్ళుగా మారుతుంది కదా. ఆ నీళ్ళు సన్నటి గొట్టంలోంచి బాల్కనీలో పెట్టిన బకెట్లోకి కారేవి. ఒక ఉక్కపోత సాయంత్రం మేము మరిచిపోయాం. బకెట్ నిండి, పొర్లి, కింది అంతస్తు ఆవిడ బాల్కనీకి కట్టుకున్న గుడ్డ పందిరి మీద టపటపమంది. పదినిమిషాల్లో ఆవిడ మా గుమ్మంలో ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి, లెక్కల టీచరుగా చేసి రిటైరయింది, ఒంటరిగా ఉంటుంది. చేతిలో తడిసిన వార్తాపత్రిక.

"పైనుంచి నీళ్ళు పడటం వాన చేసే పని. మీరు చెయ్యాల్సింది కాదు," అంది.

నేను ఎన్నిసార్లు క్షమాపణ చెప్పానో నాకే తెలీదు. ఈసారికి ఇంటాయనకు చెప్పనంది. "ఈసారికి" అన్న మాట మాత్రం లెక్కల మాస్టారు బోర్డు మీద గీత గీసినట్టు నొక్కి చెప్పింది.

మా ఆయనది వరంగల్. ఇంగోల్‌స్టాట్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజన్లను చల్లబరిచే విభాగంలో పని. రోజూ రైల్లో పోయిరావాలి. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి నేను బకెట్ సింకులో కుమ్మరిస్తున్నాను.

"ఏందే, గంత మంచి నీళ్లు గట్ల పారబోస్తవా?"

"ఏం చెయ్యమంటారు? అభిషేకం చెయ్యమంటారా?"

"మా ఇంట్ల ఏసీ నీళ్లు ఒక్క సుక్క పోనిచ్చేటోళ్లం గాదు. ఇన్వర్టర్ బ్యాటరీల పోసేటోళ్లం."

ఇక్కడ ఇన్వర్టరూ లేదు, కరెంటూ పోదు. అయినా ఆ రోజునుంచి ఏసీ నీళ్ళు ఖాళీ సీసాల్లోకి వెళ్ళి, వంటింటి మూలన వరసగా నిలబడటం మొదలైంది. సీసాలు తిరిగిచ్చేస్తే షాపువాడు డబ్బులిస్తాడయ్యా అన్నా వినలేదు. నీళ్ళను పారేయడానికి చెయ్యి రాని జాతి మాది.

ఒక ఆదివారం ఆయన బాల్కనీలో కూర్చుని ఏసీ వైపు చాలాసేపు చూశాడు. ఎండకు కాగిన గాలిని పీల్చుకుని ఆ మిషను రొప్పుతోంది. ఉన్నట్టుండి లేచాడు.

"సూడు. అది లోపలి వేడిని ఇక్కడ బయటికి దొబ్బాలె. పీల్చే గాలే గంత మరుగుతుంటే ఎట్ల దొబ్బుతది? గాలిని జర సల్లబరిచి ఇస్తే దానికి అలుపు తగ్గుతది, కరెంటు తగ్గుతది. గాలి పీల్చే దిక్కు తడి తడిక గడదాం. ఏసీ నీళ్లే దాని మీద కారేటట్టు పెడదాం."

"ఏసీకి కూలరు పెడతారా! పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది."

"కూలర్ల ఏం తప్పున్నది?"

"పంపు నీళ్ళు పోస్తే పోలేదూ, ఈ సీసాల గోలెందుకు?"

పంపు నీళ్ళు పనికిరావన్నాడు. ఇక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువ. నెల తిరిగేసరికి కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టడం మాకు తెలిసిందే. అదే పొర ఏసీ రేకుల మీద కడితే ఉన్న చల్లదనమూ పోతుంది. ఏసీ నీళ్ళు గాల్లోంచి దిగినవి, వాటిలో సున్నం ఉండదు.

మొదట పాత తువ్వాలు కట్టాడు. అది దళసరిది, మిషనుకు ఊపిరాడక మూలిగింది. తర్వాత గోనెగుడ్డ కట్టాడు. అది నీళ్ళన్నీ ఒకే మూలకు లాక్కుని కూర్చుంది. అప్పుడు నాకు బీరువా మీదున్న చుట్ట గుర్తొచ్చింది. కిందటిసారి హైదరాబాదునుంచి తెచ్చుకున్న వట్టివేళ్ళ తడిక. కిటికీకి కడదామని తెచ్చి, కట్టలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కస్టమ్సు మనిషి దాన్ని వాసన చూసి, నన్ను చూసి, పొమ్మన్నాడు. దించి తెచ్చి ఇచ్చాను. పైన సన్నటి బెజ్జాల గొట్టం పెట్టి, ఏసీ నీళ్ళు దాంట్లోకి మళ్ళించి, తడిక మీద ఒలికేట్టు చేశాడు.

వేళ్ళు తడిశాయి. మిషను గాలి పీల్చింది. వాసన లేచింది.

మా నాన్న బెజవాడలో ఒక సహకార బ్యాంకులో గుమాస్తా. వేసవి సెలవుల్లో అమ్మ నన్ను వదిలించుకోవడానికి ఆయన వెంట పంపేది. బ్యాంకు కిటికీలన్నిటికీ వట్టివేళ్ళ తడికలు. అటెండరు గంటకోసారి చెంబుతో నీళ్ళు చల్లేవాడు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, లోపల చీకటిగా, చల్లగా, తడిమట్టి వాసన మధ్య నేను బల్లకింద కూర్చుని ఎక్కాలు రాసుకునేదాన్ని. బాల్కనీలో ఆ వాసన తగలగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆయన చూసి, "సీసాల పట్టాల్నా?" అన్నాడు.

పని చేసిందా అంటే, చేసింది. మా ఆయన తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం కాబట్టి, ప్లగ్గుకు పెట్టిన కరెంటు మీటరు నేనే చదివేదాన్ని. నిజంగానే మధ్యాహ్నం ఎండలో కాలే కరెంటు తగ్గింది. మిషను రొప్పడం తగ్గింది. బకెట్ పొర్లడమన్నది లేదు. ఒక్కటే చిక్కు. గాలి పొడిగా ఉండి తడిక బాగా పనిచేసే రోజున ఏసీలోంచి నీళ్ళు అంతంతమాత్రం. ఉరుముల ముందు ఉక్కపోసే రోజున నీళ్ళు ధారగా వస్తాయి, తడిక మాత్రం ఆరి చావదు. అక్కడే మా ఆయన సీసాలకు మోక్షం దొరికింది. ఉక్కరోజు నీళ్ళు దాచి, పొడిరోజు పోసేవాడు. "గందుకే దాచిన్నే," అని ముందే తెలిసినట్టు మీసం దువ్వుకున్నాడు.

నేను మళ్ళీ నిద్రపోతున్నాను. ఆఫీసులో వాక్యాలు మొదలైన భాషలోనే ముగుస్తున్నాయి.

అప్పుడొచ్చింది ఈమెయిలు, ఇళ్ళ నిర్వహణ చూసే ఆఫీసునుంచి. మీ కింది అంతస్తులో బూజు వాసన వస్తోందని ఫిర్యాదు అందింది, కారణం తెలపండి అని.

జర్మనీలో ఇంటివాళ్ళకైనా అద్దెవాళ్ళకైనా బూజు కంటే పెద్ద దయ్యం లేదు. కింది ఆవిడకు ఆ భయం ఉత్తది కాదు. కొన్నేళ్ళ కిందట ఆవిడ పడగ్గది గోడకు బూజు పట్టి, గోడంతా పగలగొట్టి, నెలల తరబడి ఆవిడ దుమ్ములో బతికింది. పైనుంచి తడిమట్టి వాసన దిగేసరికి గుండె జారి ఉంటుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది, రెండు విధాలా. నా బ్యాంకు వాసన, మా నాన్న వాసన, బూజట!

మామూలుగా ఆఫీసులకు నేను రాసే జర్మన్‌ను మా అమ్మాయి దిద్దుతుంది. అది వేరే ఊళ్ళో చదువుకుంటోంది. ఆ రోజు దాన్ని అడిగే ఓపిక లేక నేనే రాసి పంపేశాను. "ఇది బూజు కాదు. మా బాల్కనీలో నీటి గొట్టం దగ్గర తడి వేర్లు ఉన్నాయి. ఆ వేర్ల వాసన." వట్టివేరును జర్మన్‌లో ఏమనాలో తెలియక, వేరు కాబట్టి వేరనే రాశాను.

మర్నాడు ఇంటాయన ఫోన్.

"గొట్టాల్లోకి చెట్ల వేర్లు చొచ్చుకొచ్చాయని మీరే రాశారట!"

చెట్టు వేరు మురుగు గొట్టంలో దూరితే ఈ దేశంలో తోట తోటంతా తవ్వుతారు. అది నాలుగో అంతస్తు దాకా ఎలా ఎక్కిందని అడగాలని ఆ ఆఫీసులో ఒక్కరికీ తోచలేదు. నేను వివరించబోయాను. ఆయన వినే స్థితిలో లేడు. గొట్టాలు చూసే మనిషి వచ్చి తేల్చేదాకా ఏసీ కట్టేయాలన్నాడు. ఫిర్యాదు నిజమని తేలితే మిషను శాశ్వతంగా వెళ్ళిపోవాలి, ఒప్పందం ఒప్పందమే అన్నాడు. ఆ మనిషి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, వచ్చే మంగళవారానికి గానీ దొరకలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా సరిగ్గా అప్పుడే ఎండలు ముదిరాయి. మా అమ్మాయికి ఫోన్ చేసి చెబితే, ముందు జర్మన్‌లో "అమ్మా, కాదు!" అని అరిచి, తర్వాత ఊపిరాడకుండా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పెంకుల కింద తడి తువ్వాలు కప్పుకుని పడుకునేదాన్ని. మా ఆయన పిజ్జా అట్టతో విసురుతూ, విసురుతూనే నిద్రపోయేవాడు. ఏసీ లేని ఆ నాలుగు రోజుల్లో నాకు భయమేసింది. ఇలాగే ఇంకో రెండేళ్ళో, మూడేళ్ళో గడపాలంటే నా ఉద్యోగం ఏమవుతుంది, నేనేమవుతాను?

మంగళవారం పొడుగాటి వైరు చివర కెమెరా కట్టుకుని గొట్టాల మనిషి వచ్చాడు. వెనకే కింది ఆవిడ, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. మా ఆయన ఆ రోజు ఇంటినుంచే పని. బాల్కనీ పక్కన వాననీళ్ళ గొట్టంలోకి కెమెరా దింపారు. నలుగురం చిన్న తెరమీద తలలు ఆనించి చూశాం. తుప్పు, నాలుగు పిచ్చుకగూటి గడ్డిపోచలు, ఒక బట్టల క్లిప్పు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మాకు ఎలుకా దొరకలేదు.

"వేర్లేవీ?" అన్నాడతను.

తడిక చూపించాను. అతను తడికను చూశాడు, నన్ను చూశాడు.

"ఇది కాళ్ళు తుడుచుకునే పట్టా."

"కాదు, ఇవి గడ్డి వేర్లు. మంచి వాసన వేర్లు. చల్లబరిచే వేర్లు," అన్నాను జర్మన్‌లో. చెప్పినకొద్దీ అది ఇంకా అనుమానంగా వినబడింది. కింది ఆవిడ రుమాలు ఇంకాస్త అదిమింది. నిద్రలేని కోపమంతా ఒక్కసారి నెత్తికెక్కి, నా నోట తెలుగు తన్నుకొచ్చింది.

"వట్టివేళ్ళయ్యా బాబూ! వట్టివేరు! ఎలా చెప్పాలి మీకు? వట్టివేరు!"

కింది ఆవిడ రుమాలు దించింది.

"ఏమన్నారు? వేటివెర్?"

"వట్టివేరు."

"వేటివెర్," అందావిడ మళ్ళీ, తనలో తనే. గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. కాసేపటికి ఆయాసపడుతూ తిరిగొచ్చింది. చేతిలో ముదురాకుపచ్చ సీసా, అడుగున నాలుగు చుక్కల నూనెలాంటి నీరు. పోయిన వాళ్ళాయన గడ్డం గీసుకున్నాక రాసుకునేదట. సీసా మీద పెద్ద అక్షరాల్లో ఆ మాటే ఉంది. నేను అనువాదం చెయ్యలేక చచ్చిన మాట నాకంటే ముందే ఈ దేశానికొచ్చి, కింది అంతస్తు స్నానాలగది అద్దం ముందు హాయిగా కాపురముంటోంది!

"అది అరవోళ్ల మాట. మీది గాదు," అన్నాడు మా ఆయన మెల్లగా. కళ్ళురిమాను.

ఆవిడ సీసా మూత తీసి వాసన చూసింది. వంగి తడికను వాసన చూసింది. మళ్ళీ సీసా, మళ్ళీ తడిక. నడుం పట్టేస్తుందేమోనని నేను కుర్చీ తెచ్చాను. కూర్చుంది.

"దీంట్లో మట్టి కడిగేశారు. మీ దాంట్లో కడగలేదు," అంది. సీసా మూత బిగిస్తూ, "ఇన్ని రోజులూ నేను మా ఆయన మీద ఫిర్యాదు చేశానన్నమాట," అంది.

గొట్టాల మనిషి తన వైరు చుట్టుకుంటూ, బూజు లేదు, వేర్లు లేవు, చాప ఉంది అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ మా కుర్చీలోంచే ఇంటాయనకు ఫోన్ చేసింది. పిల్లలకు తప్పు దిద్దే గొంతుతో, ఫిర్యాదు తనది, పొరపాటూ తనదే, మిషను ఉండాల్సిందే అని చెప్పి పెట్టేసింది. మా ఆయన ఏసీ వేసి, తడిక మీద రెండు సీసాలు ఒంపాడు.

కాఫీ తాగి వెళ్ళమన్నాను. పరుపు హాల్లోనే ఉంది, సిగ్గుపడి మూలకు తోశాను. కాఫీ ఇచ్చాను, ఎదురుగా కూర్చున్నాను, చల్లగాలి మొహానికి తగిలింది. ఆ తర్వాత నాకేం తెలీదు.

లేచేసరికి ఎండ అవతలి గోడ మీదికి పోయింది. నా మీద దుప్పటి ఉంది. కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి. తలుపు అవతల మా ఆయన తడిక మీద నీళ్ళు పోస్తున్నాడు. ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. ఆయన మాట్లాడబోతే వేలు అడ్డం పెట్టి బయటికి పంపిందట.

"క్షమించండి. ఇంటికొచ్చిన మనిషి ముందు నిద్రపోవడం మాలో చాలా తప్పు," అన్నాను.

ఆవిడ ఏసీ వైపు చూపించింది.

"ఇది హోమ్ ఆఫీసు కోసం కొన్న మిషను కాదు కదూ?"

కాదన్నాను. ఏమిటో చెప్పాను. ఇంటాయనకు రాయలేని మాట ఆవిడకు చెప్పడం కష్టమనిపించలేదు.

"నాకు ఈ దశ వచ్చిన ఏడు కూడా వేసవి ఇలాగే కాసింది," అందావిడ. "రోజూ బంగాళాదుంపలు తెస్తానని చెప్పి కింద సెల్లారుకు వెళ్ళేదాన్ని. చీకట్లో, చల్లటి సిమెంటు నేల మీద కూర్చునేదాన్ని. నెమ్మదించాక రెండు దుంపలు పట్టుకుని పైకొచ్చేదాన్ని. ఆ వేసవంతా మా ఇంట్లో దుంపలే. మా ఆయన నాకు దుంపలంటే ప్రాణమనుకున్నాడు, పాపం. నా పుట్టినరోజుకు కూడా తనే దుంపల సలాడు చేసిపెట్టాడు."

ఇద్దరం నవ్వాం. ఆయనకు చెప్పలేదా అని అడిగాను.

"ఎలా చెప్పాలో నాకు మాట దొరకలేదు," అంది.

దానికి ఏదో అనబోతుండగానే లోపల్నించి సెగ లేచింది. మెడ, చెవులు, నుదురు, అంతా చెమట. దుప్పటి తోసేశాను. ఆవిడ చూసింది. బల్లమీది రిమోటు అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, రెండు డిగ్రీలు తగ్గించింది.